కోడెయు కత్తియు

నల్లరేగడిలో పత్తియు మిరపయు పండించు తుళ్లూరు ప్రాంతమున, ట్రాక్టరు రాకముందు సేద్యమంతయు ఒంగోలు ఎద్దుల మెడమీదనే నడచెను. కోడె ఎద్దగుటకు ఎంత బాధపడవలసియుండెనో మనలో ఎందరము తలపోసితిమి?

కోడెను కాడికి లొంగదీయుటకై విత్తు కొట్టుట మిక్కిలి ప్రాచీనాచారము. అట్టి ఎద్దును ఋగ్వేదము ‘వధ్రి’ అని పేర్కొన్నది. మన పల్లెలలో కోడెను పడవేసి, కాళ్లు బంధించి, వృషణపు నరములను కర్రల నడుమ ఇరికించి నలుగగొట్టెడివారు. వాపెక్కి, చీముపట్టి, కోడె మేతకు దూరమగుటయు కలదు.

20వ శతాబ్ది తొలినాళ్లలో ఇటలీ పశువైద్యుడు బర్డిజ్జో రూపొందించిన పట్టుకారు ఈ బాధను చాలవరకు తగ్గించెను. చర్మము తెగదు, లోపలి నరము మాత్రము నలుగును. రక్తమందక కొన్ని వారములలో వృషణము కుంచించుకొనిపోవును. గాయము లేదు గనుక పురుగుపట్టు భయము తక్కువ. నొప్పి తెలియకుండ ముందు సూదిమందిచ్చుట మేలని నేటి వైద్యుల మతము.

అయితే ఏ కోడెను కొట్టవలెను, దేనిని విడువవలెను? మేలైనవన్నియు కాడికే పోయినచో జాతి ఎట్లు నిలుచును? మన పూర్వులు ఒకదానికి అచ్చువేసి, దేవుని పేర ఆంబోతుగా విడిచిరి. 1940లో మద్రాసు రాష్ట్రమున పశ్వభివృద్ధికై చట్టమే వచ్చెను.

విడిచిన కోడెకును ఆపదలు కలవు. 19వ శతాబ్దిలో ఓడలెక్కి బ్రెజిలు చేరిన మన ఒంగోలు పశువులు, నెల్లూరు పేరిట అచ్చట ‘నెలోరె’ జాతియైనవి. ఇట్టి మూపురపు కోడెలలో ముందోలు పొడవుగా వ్రేలాడునవి కలవు. అది ముండ్లకు గీచుకొని, లోపొర బయటికి జారి పుండుపడినచో కోడె ఆవును దాటజాలదు. వైద్యులు తొలుత కడిగి, మందు పూసి, కట్టుకట్టి వాపు తగ్గింతురు. పిమ్మట పాడైన భాగమును చుట్టును కోసి తీసి, అంచులను కుట్టుదురు. మానువరకు కోడెను ఆవుల కడకు పోనీయరు. కాని వృషణము సంచిలోనికి దిగని కోడెకు ఈ మరమ్మతు తగదు. ఆ లోపము సంతతికి సంక్రమింపవచ్చును గనుక దానిని విత్తనమునకు ఉంచరు.

2015లో రాజధానికి శంకుస్థాపన జరిగిన ఉద్దండరాయునిపాలెము తుళ్లూరు మండలములోనిదే. పొలముల రూపు మారినది. కాడి పని తగ్గినది. గుంటూరు చెంత లాం క్షేత్రమున ఒంగోలు జాతిని పెంచుచున్నారు. ఒకనాడు కొట్టుటకు కోడెను ఎంచుకొన్న మనము, నేడు నిలుపుకొనుటకు ఎంచుకొనవలసియున్నది.