సెల్ఫ్ కొడుతుంది, బండి లేవదు

తెల్లవారకముందే మెహిదీపట్నంలో ఎక్కిన పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఆరాంఘర్‌లో మిమ్మల్ని కిందికి దింపింది. ఇక బెంగళూరు హైవే పట్టుకుంటే శంషాబాదే. టీ కోసం పక్కకు ఆపారు. దుబాయి వెళ్తున్న మీ బావమరిది తన కారు తాళం తీసి మీ గుత్తికి తగిలించాడు. "నేనొచ్చేదాకా నీ దగ్గరే ఉండనీ బావా."

ఇప్పుడు తాళం తిప్పుతున్నారు. సెల్ఫ్ గట్టిగానే కొడుతోంది. ఇంజను అందుకున్నట్టే అందుకుని చప్పున ఆగిపోతోంది. మళ్లీ అదే. ట్యాంకు సగముంది. రిమోట్ నొక్కితే తలుపులు భేషుగ్గా పడుతున్నాయి, తెరుచుకుంటున్నాయి. బావమరిది టికెట్టు మీది టైము చూసుకుంటున్నాడు. మీటర్ల అద్దం వెనక, కారు మీద తాళం బొమ్మ ఉన్న చిన్న దీపం టకటకా ఆరి వెలుగుతోంది.

టీ గ్లాసుతో ఒక క్యాబ్ డ్రైవర్ కిటికీలోకి వంగాడు. "నూకినా లేవదన్నా. గా లైటు జూడు, బండి నీ చావిని గుర్తువడ్తలేదు. గుత్తిల ఇంకేమున్నయి?"

సంగతంతా అక్కడుంది. రిమోట్‌కు బ్యాటరీ ఉంటుంది, తలుపుల పని దానిది. ఇంజనుకు అనుమతిచ్చే చిప్ వేరు, దానికి బ్యాటరీయే ఉండదు. తాళం పెట్టే చోట చుట్టూ ఉన్న రాగితీగ చుట్ట నుంచే కరెంటు అందుకుని తన కోడ్ చెబుతుంది. పక్కనే ఇంకో కారు చిప్ ఉంటే, అదీ అప్పుడే గొంతు కలపొచ్చు. ఏ కోడూ సరిగ్గా వినపడని కంప్యూటర్ ఇంజనును నడవనివ్వదు. దొంగ వచ్చాడనే దాని లెక్క.

మీ తాళం ఒక్కటే గుత్తిలోంచి ఊడదీశారు. ఇగ్నిషన్ ఆపి, కాసేపాగి తిప్పారు. దీపం ఒకసారి వెలిగి ఆరింది. ఇంజను నిలబడింది. "ఇగ ఉర్కియ్యిండ్రి" అంటూ డ్రైవర్ టీ కొట్టు వైపు తిరిగాడు.

అప్పటికీ లేవకపోతే రెండో తాళంతో చూడాలి, కారు బ్యాటరీ డౌన్ అయిందేమో చూడాలి, ఆ తర్వాతే స్కానర్ ఉన్న సర్వీస్ సెంటర్. బటన్ స్టార్ట్ బండ్లలో రిమోట్ బ్యాటరీ అయిపోతే, చాలావాటిలో దాన్ని స్టార్ట్ బటన్‌కే ఆనించి నొక్కితే సరిపోతుంది. వైర్లు కోసి కలుపుతాననే వాళ్లకు మాత్రం బండి అప్పగించకండి. కొన్నప్పుడిచ్చిన రెండో తాళం ఎక్కడుందో ఇవాళే వెతికిపెట్టుకోండి, మొదటి తాళం గుత్తికి మాత్రం తగిలించకండి.