రాయి లేని సీమలో ఇటుక దిబ్బలు

కృష్ణానది పాయలుగా చీలి సముద్రంలో కలిసే సీమలో బావి తవ్వినా కాలువ తవ్వినా రాయి తగలదు. ఒండ్రుమన్ను, ఇసుక, ఆ క్రింద ఉప్పునీరు, ఇంతే. గుడివాడ, బందరు, దివిసీమ ప్రాంతాలలో రాయి కావలెనన్నవాడు ఎగువ దేశంనుండి తెప్పించుకొనవలసినదే. ఇది ఉత్త భూగోళపాఠం కాదు. ఈ సీమలోని ప్రాచీన కట్టడాలు పుట్టిన తీరు, అవి నశించిన తీరు కూడ చాలవరకు ఈ ఒక్క విషయంలోనే ఇమిడి ఉన్నవి.

సుమారు రెండువేల ఏండ్ల క్రిందట బౌద్ధులు ఇక్కడ మహాచైత్యాలు నిర్మింపదలచినప్పుడు వారికి చేతికందినది మన్ను, ఆ మన్ను కాల్చిన ఇటుక. శిల్పాలకు కావలసిన సున్నపురాతిని ఎగువనుండి తెచ్చుకొన్నారు. ఘంటసాల స్తూపపు కట్టడి ఈ సందర్భంలో గమనింపదగినది. నడుమ ఇటుకలతో చతురస్రపు దిమ్మె; దాని చుట్టు వలయాకారపు గోడలు; ఆ గోడలను కలుపుతూ బండిచక్రపు ఆకులవలె అడ్డుగోడలు; మధ్య ఏర్పడిన అరలలో మన్ను కూరినారు. కృష్ణకు ఆవలి గట్టున ఉన్న భట్టిప్రోలు స్తూపం ఇట్లు కాదు, అది నిండుగా ఇటుకలతో కట్టినది. ఘంటసాల పద్ధతిలో ఇటుక పొదుపు ఉన్నది, మెత్తని నేలపై పడే బరువు కూడ తగ్గుతున్నది. ఆ శిల్పులు తమ నేల స్వభావం ఎరిగినవారని నాకు తోచుచున్నది.

ఘంటసాల ఆనాడు సామాన్యమైన ఊరు కాదు. గ్రీకు భూగోళవేత్త టాలెమీ క్రీస్తుశకం 2వ శతాబ్దంలో కంటకొస్సిల అని పేర్కొన్న వర్తకస్థానం ఇదేనని పండితుల నిర్ణయం. ఇక్కడి ప్రాకృత శాసనాలలో ఒకదానిలో శివకుడనే మహానావికుడు కనిపిస్తాడు. సముద్రం ఇప్పుడు ఊరికి దూరంగా తొలగిపోయినది. కాని శివపార్వతులు ఒకే పీఠంపై నెలకొన్న ఇక్కడి ఆలయంలో స్వామి పేరు నేటికీ జలధీశ్వరుడే. నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకుల కాలపు శాసనం మరొక ముచ్చట చెపుతున్నది. బోధిసిరి అనే ఉపాసిక తాను చేయించిన ధర్మకార్యాలను అందులో వరుసగా చెక్కించినది. కంటకసేల మహాచైత్యపు తూర్పువాకిట రాతి మండపం కట్టించుట వాటిలో ఒకటి. రాయి పుట్టని చోట రాతి మండపం! ఆ పుణ్యకార్యానికి ఆమె ఎంత వెచ్చించినదో ఊహించుకొనవచ్చును.

ఇక నాశనం సంగతి. 1852లో బెజవాడ ఆనకట్ట పని మొదలై 1855లో ముగిసినది. దానివెంట కాలువలు, లాకులు, రోడ్లు వచ్చినవి. డెల్టాకు అన్నం పెట్టిన పనులవి, అందులో సందేహం లేదు. కాని రోడ్డుకు గట్టి సామగ్రి కావలెను గదా! ఈ సీమలో ఒకచోట కుప్పగా ఉన్న గట్టి సామగ్రి ఏది? స్తూపపు దిబ్బయే. గుడివాడ స్తూపపు ఇటుకలు రోడ్డుపాలైనవి. పగులగొట్టుచుండగా ధాతుపేటికలు బయటపడినవి. భట్టిప్రోలు స్తూపపు ఇటుక, రాయి కాలువ కట్టడాలలో కలిసిపోయినవి. అలెగ్జాండర్ రే అనే పురాతత్వశాఖాధికారి ఆ శతాబ్దం చివరి దశకంలో వచ్చి భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాలను త్రవ్వి కొలిచేనాటికి ఆయనకు దక్కినది ఉచ్ఛిష్టమే. ఆ ఉచ్ఛిష్టంలోనే భట్టిప్రోలు పేటికలు, వాటిపై మన దేశపు ప్రాచీనలిపులలో ఒకటైన రాత లభించినవంటే పోయినది ఎంతో మరి! ఘంటసాల శిల్పఫలకాలు కొన్ని సముద్రాలు దాటి పారిస్ నగరంలోని గీమే మ్యూజియం చేరినవి.

ఇంజనీర్లను మాత్రమే నిందించి ఊరకుండుట న్యాయం కాదు. ఊళ్లవారు కూడ గోడకు, గట్టుకు, నూతికి ఆ ఇటుకలనే వాడుకొన్నారు.

మరి నిలిచినవి ఏవి? బందరులో డచ్చివారి గోరీలు నిలిచినవి. వారు 1605లో ఇక్కడ వర్తకశాల పెట్టినారు. దేశాంతరంలో మరణించిన తమవారిపై కులచిహ్నాలు, అక్షరాలు లోతుగా చెక్కించిన పెద్ద పలకలు పరచినారు. ఆ రాయి ఈ నేలది కాదు. బందరుకోట అదృష్టం వేరు. 1759 ఏప్రిలులో ఇంగ్లీషువారు దానిని ఫ్రెంచివారినుండి గెలుచుకొన్నారు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి బందరు ప్రాంతంలో సుమారు ముప్పైవేలమందిని పొట్టను పెట్టుకొన్నది. తరువాత సైన్యం కోట విడిచి వెళ్లినది. నేడు మిగిలినవి మొండిగోడలు.

నిత్యదీపం ఆరని చోట్లు కూడ నిలిచినవి. దివిసీమ దారిలోని శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు ఆలయం ఉన్నది. కళింగ దండయాత్రలో అక్కడ ఆగిన కృష్ణదేవరాయలకు స్వామి కలలో కనబడి తెలుగులో కావ్యం చెప్పుమన్నాడని ఆముక్తమాల్యదలోనే ఉన్నది. కూలిన గోడను తిరిగి ఎత్తేవారు అట్టి చోట తరతరానికి పుట్టుచునే ఉంటారు. బౌద్ధం వెనుకబడిన తరువాత స్తూపాలకు ఆ దిక్కు లేకపోయినది.

ఘంటసాల, గుడివాడ దిబ్బలు, డచ్చి గోరీలు, బందరుకోట నేడు కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో ఉన్నవి. 2010లో సవరించిన చట్టం ప్రకారం అట్టి స్థలాల చుట్టు నూరు మీటర్లలోపల కొత్త కట్టడం కూడదు. కాని పల్లెపల్లెన పాటిదిబ్బలని పిలిచే పాత నివాసస్థలాలు వేరే ఉన్నవి. పాటిమన్ను పొలానికి మంచి సత్తువని రైతులు వేసవిలో తోలుకొనుట పూర్వాచారం. బండ్లకు బదులు ఇప్పుడు ట్రాక్టర్లు, పారలకు బదులు యంత్రాలు వచ్చినవి. వరిపొలాలు చేపల చెరువులౌతున్నవి. ఆ మట్టిలో జానెడున్నర పొడుగు పాత ఇటుక, పెంకు ముక్క, ఒక్కొక్కప్పుడు సీసపు నాణెం కనిపించుట కలదు. జాబితాలో పేరులేని దిబ్బకు నూరు మీటర్ల నియమం వర్తించదు. పోయిన వేసవికంటె ఈ వేసవికి అది కొంత తగ్గియే ఉంటుంది.