తోక నుంచి క్యూ దాకా: వంకర పోని కర్ర కోసం

"మొక్కై వంగనిది మానై వంగునా" అనే సామెత మనలో చాలామంది అమ్మమ్మల నోట విన్నాం. చిన్నప్పుడు నేర్వనిది పెద్దయ్యాక రాదని దాని అర్థం. కానీ చెట్టును కొట్టి, కోసి, ఎండబెట్టి, నున్నగా చేశాక కూడా కర్ర వంగుతుంది. పూల్ ఆడే క్యూలు చేసేవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. వాళ్ళ చరిత్రలో సగం ఆ వంకరతో చేసిన పోరాటమే.

ముందు మాట సంగతి చూద్దాం. బిలియర్డ్స్ 15వ శతాబ్దంలో యూరప్‌లో నేల మీది ఆట నుంచి బల్ల మీదికి ఎక్కింది. అప్పట్లో చివర మొద్దు ఉన్న 'మేస్' అనే కర్రతో బంతిని నెట్టేవారు. బంతి బల్ల అంచుకు ఆనుకుంటే ఆ మొద్దు అడ్డం వచ్చేది. అప్పుడు కర్రను తిప్పి పట్టుకుని, సన్నని తోకతో కొట్టేవారు. ఫ్రెంచిలో తోకను 'క్యూ' అంటారు. బస్సు కోసం మనం నిలబడే క్యూ కూడా ఆ తోకే!

19వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్స్వా మేంగో అనే ఫ్రెంచి సైనికాధికారి క్యూ కొనకు తోలు బిళ్ళ అంటించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. దాంతో బంతిని ఒక పక్కన తాకి గిర్రున తిప్పడం కుదిరింది. కొంచెం పక్కకు తగిలితే బంతి వేరే దారి పడుతుంది కాబట్టి కర్ర తిన్నగా ఉండడం అవసరమైంది.

మరి కర్ర ఎందుకు వంగుతుంది? కారణం తేమ. గాలిలో తేమ పెరిగితే కర్ర దాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. కానీ అన్ని వైపులా ఒకే కొలతలో కాదు. క్యూలకు ఎక్కువగా వాడే గట్టి మేపుల్ కర్ర, చెట్టు వలయాల వెంబడి కుంచించుకునేది వాటికి అడ్డంగా కుంచించుకునే దానికి దాదాపు రెట్టింపు. పొడవులో మార్పు దాదాపు ఉండదు. అయితే నారపోగులు ఏటవాలుగా ఉంటే, ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ మారి కర్ర వంకర పోతుంది. క్యూ ముందు భాగాన్ని షాఫ్ట్ అంటారు. దాని కొన సుమారు 13 మిల్లీమీటర్లే. అంత సన్నం కాబట్టి ముందు వంగేది అదే.

అమెరికాలో పనివాళ్ళు దీనికి ఓపికతో జవాబు చెప్పారు. షికాగోలో హెర్మన్ రాంబో, న్యూయార్క్‌లో జార్జ్ బలబుష్క పేరుపొందిన క్యూ తయారీదారులు. బలబుష్క 1912లో రష్యాలో పుట్టి, 1924లో అమెరికా వచ్చి, వడ్రంగి పని చేసి, 1959లో క్యూలు చేయడం మొదలుపెట్టాడు. 1975లో చనిపోయాడు. మంచి క్యూ చేసేవాళ్ళు షాఫ్ట్‌ను ఒక్క రోజులో పూర్తి చేయరు. లేత్ మీద కొంచెం చెక్కి, నిలువుగా వేలాడదీసి, వారాల తరబడి వదిలేస్తారు. లోపల దాగిన వంకర ఈలోగా బయటపడుతుంది. మళ్ళీ కొంచెం చెక్కుతారు. మాటిమాటికీ వంగే కర్రను పక్కన పడేస్తారు. తర్వాతి తరం ఇంకో దారి పట్టింది. సన్నని ముక్కలను వేర్వేరు దిశల్లో పెట్టి అంటిస్తే, ఒకటి వంగబోతే ఇంకొకటి ఆపుతుంది. ఇప్పుడు కార్బన్ ఫైబర్ షాఫ్ట్‌లు కూడా వచ్చాయి. వాటికి తేమ భయం లేదు.

ఇప్పటికే వంగిన క్యూను ఏం చేయాలి? వేడి చేసి, ఎదురు వైపుకు వంచి, బరువు పెట్టి ఉంచేవాళ్ళున్నారు. కొన్నాళ్ళు తిన్నగా కనిపిస్తుంది, తేమ మారితే చాలాసార్లు మళ్ళీ పాత వంకరకే వస్తుంది. లేత్ మీద చెక్కితే వంకర పోవచ్చు, కానీ కర్ర కూడా సన్నబడుతుంది. మీ నాన్నగారో, తాతగారో వదిలి వెళ్ళిన క్యూ అయితే ఇక్కడే ఆలోచించాలి. చెక్కేసిన కర్ర తిరిగి రాదు. పాత పనివాడి చేతి కొలతలు పొట్టుగా నేల మీద పడతాయి. నా అభిప్రాయం ఇది: పాత షాఫ్ట్‌ను వంకరతోనే దాచండి, ఆడటానికి అదే జాయింటుకు సరిపోయే కొత్త షాఫ్ట్ చేయించుకోండి.

ముందు అసలు వంగిందో లేదో చూసుకోండి. రెండు భాగాలనూ విడదీసి, ఒక్కొక్కదాన్ని బల్ల మీద దొర్లించండి. కింద సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే అది వంగినట్టే. రెండూ విడిగా తిన్నగా ఉండి, కలిపితే వంకరగా కనిపిస్తే తప్పు జాయింటుది.

తిన్నగా ఉన్న క్యూను ఎండలో నిలిపిన కారులో వదలకండి. గోడకు ఏటవాలుగా ఆనించకండి. తడి గుడ్డతో తుడవకండి. తేమ ఎక్కువగా దూరేది కోసిన కొనల నుంచే. అందుకే తోలు బిళ్ళ మార్పించేటప్పుడు దాని కింద, జాయింటు దగ్గర వార్నిష్ పూత ఉందో లేదో అడగండి. ఖర్చు తక్కువ, మేలు ఎక్కువ.