పల్నాటి బీళ్ళు - మందల కట్టుబాట్లు

పల్నాటి చరిత్ర అనగానే బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ, కోడిపోరు, కారెంపూడి రణభూమి స్ఫురించుట సహజమే. కాని ఒకవైపు కృష్ణయు, మఱియొకవైపు నల్లమల కొండలును హద్దులుగా, నాగార్జునసాగరు కుడికాలువ నీరు పాఱకముందు మెట్టపైరులతోడను మందలతోడను జీవించిన మా సీమలో, రాజుల రణములకన్న దీర్ఘకాలము నడచినట్టియు, శాసనముల కెక్కనట్టియు చరిత్ర మఱియొకటి కలదు. అది ఊరుమ్మడి బీళ్ళను మందలవారు కలసి మేపుకొని, కలసి కాపాడుకొన్న చరిత్ర.

బీడు ఎవరి సొత్తును కాదు గనుక ఎవరైనను ఎంతైనను మేపుకొనవచ్చుననుట ఎఱుగనివారి ఊహ. తొలకరికి పైరు మొలకెత్తగానే మందలు చేలగట్లు విడిచి బీళ్ళకును అడవులకును తరలవలెను. పంట కల్లము చేరిన పిమ్మట కోసిన చేలు కాపరులకందఱకును తెఱచియుండును. పైరున పడిన పశువు బందెలదొడ్డికి పోవును, తప్పు చెల్లింపక దానిని విడిపించుకొన వీలుకాదు. ఎండకాలమున తుమ్మ మండలు దింపి మేపవచ్చును గాని చెట్టు మొదలు నఱకరాదు. ఈ నియమములను వ్రాసిపెట్టినవారు లేరు. రచ్చబండకడ తీరిన తగవులే వాటికి ప్రమాణములు, మఱునాడు మరల ఒకే బీటిలో మొగమొగములు చూచుకొనవలసినవారి మాటయే వాటికి పూచీ.

ఈ పొత్తు ఎంత దృఢమైనదో రాత్రి మంద కట్టుటను చూచినవారికి తెలియును. నలుగురైదుగురు కాపరులు తమ జీవాలను ఒకే మందగా తోలుదురు. తెల్లని పల్ల, మొగమున నల్లమచ్చలు గల జోడిపి, గోధుమవన్నె దొర అను నెల్లూరి గొఱ్ఱెతెగలు ఎంతగా కలిసిపోయినను, చెవికోతను బట్టి ఎవరి జీవమును వారు క్షణములో గుర్తింతురు. ప్రొద్దుగూకగనే రైతు చేనిలో వల చుట్టి, పసి గొఱ్ఱెపిల్లలను గంపలక్రింద కప్పి, కుక్కలను తోడుంచుకొని వంతులవారీగా మేలుకొందురు. మఱునాటి రాత్రికి వలను ప్రక్కకు జరుపుదురు. అట్లు జరుపుటచేతనే పెంటికలును మూత్రమును చేనంతటను సమముగా పడి భూమి సారవంతమగును. అందులకు రైతు ఇచ్చు గింజలనో రొక్కమునో జీవాల లెక్కను బట్టి పంచుకొందురు.

మేతకై పాలకులు గొనిన పన్ను పుల్లరి. కాటమరాజు కథలో, కఱవునకు తాళలేక మందలను తోలుకొనివచ్చిన గొల్లప్రభువునకును నెల్లూరి నల్లసిద్ధికిని పుల్లరి ఒడంబడిక చెడినందుననే ఎఱ్ఱగడ్డపాటి యుద్ధము సంభవించెను. ఆంగ్లేయుల కాలమున ఆ వివాదము మఱియొక రూపము దాల్చెను. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము అడవులను రిజర్వు చేయగా, పుల్లరి కట్టి పర్మిట్టు పొందినగాని కాపరి అడవిలో అడుగిడలేకపోయెను; ఎక్కడ, ఎప్పుడు మేపవలెనన్న నిర్ణయము ఊరి పెద్దల చేతినుండి ఉద్యోగి చేతికి పోయెను. 1921లో పల్నాటి ప్రజలు పుల్లరి నిరాకరించి, అటవీ ఉద్యోగులను సాంఘికముగా బహిష్కరించిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాటికడ ఆ నిరాకరణమునకు నాయకుడైన కన్నెగంటి హనుమంతు పోలీసుల గుండ్లకు నేలకొఱిగెను. ఆ సమరమును పన్ను నిరాకరణముగా మాత్రమే చెప్పుట చాలదు. తాము పోషించుకొన్న కట్టడిని తమకు మరల దక్కించుకొన గోరిన ప్రజల ఉద్యమముగా గూడ దానిని గ్రహింపవలెను. ఆ దశాబ్దములలోనే మద్రాసు ప్రభుత్వము కొన్ని మేత అడవులను ఫారెస్టు పంచాయతీల కప్పగించుట, మేపువారు కాపాడనుగూడ గలరని పాలకులు సైతము ఒప్పుకొనుటయే.

1967లో సాగరు కాలువలకు నీరు వదలిన పిదప మెట్టనేలలు మాగాణులైనవి, మిరపయు ప్రత్తియు విస్తరించినవి. ఆ కలిమిని కాదనువారు లేరు. కాని బీళ్ళు తఱిగినకొలదిని మందలు దూరదేశములకు వలసపోవలసివచ్చినది, కలసి నడచుకొను అలవాటును సడలినది. మేతభూమి తఱిగిన ఊరిలో కట్టుబాటు మఱింత ఆవశ్యకము. మిగిలిన మేత పోరంబోకులను పంచాయతీ కొలిపించి, హద్దురాళ్ళు పాతించి, ఏ బీటిని ఎన్నాళ్ళు మేపవలెనో, గడ్డి మరల కోలుకొనుటకు ఎన్నాళ్ళు విడువవలెనో నిశ్చయించు అధికారమును మందలవారికే ఒసగవలెను. తరతరములుగా ఆ పనిని నిర్వహించినవారి అర్హతను శంకించుటకు మా సీమ చరిత్రలో నాకు కారణమేమియు కానరాదు.