నోరు తీపి

శుభవార్త చెవిన పడగానే తెలుగువాడి నోట వచ్చే మాట "అయితే నోరు తీపి చెయ్యండి మరి" అని. అడిగేది మిఠాయే అయినా మిఠాయి ఊసు ఆ మాటలో లేదు. తీపి కావలసింది నోరు. జ్వరం పడి లేచినవాడిదీ ఇదే వరస. ముద్ద నోట్లో పెట్టుకుని "నోరంతా చేదుగా ఉంది" అంటాడే తప్ప అన్నాన్ని ఏమీ అనడు. బిడ్డ మీద తల్లికి ఉండేది కడుపుతీపి. ప్రాణం ఎంత ముసలివాడికైనా తీపే. బెల్లంలోనో చెరుకులోనో ఉండాల్సిన రుచిని తెలుగు ఇలా తెచ్చి మనిషి ఒంట్లో పెట్టింది.

వీటిని నుడికారాలని పక్కన పెట్టేయవచ్చు. అయితే నోటిని నిజంగానే తీపి చేసే పండొకటి ఉంది. ఘనా, బెనిన్, నైజీరియా, కామెరూన్ దేశాల తేమ అడవుల్లో పెరిగే సతతహరిత పొద దానిది. శాస్త్రనామం సిన్సెపాలం డల్సిఫికమ్. పండు రెండు మూడు సెంటీమీటర్ల పొడుగు, పండుమిరప ఎరుపు. పల్చటి తోలు, లోపల పెద్ద గింజ, రెంటికీ మధ్య కాస్తంత గుజ్జు. ఆ గుజ్జుకు చెప్పుకోదగ్గ రుచి లేదు; చప్పగా, పిసరంత తీపిగా ఉంటుంది. గింజను నాలుకతో తిప్పుతూ ఆ గుజ్జును నోరంతా పట్టించి, ఒకటి రెండు నిమిషాలయ్యాక గింజ ఉమ్మేసి నిమ్మచెక్క చప్పరిస్తే, బాగా పండిన బత్తాయి తిన్నట్టుంటుంది. నిమ్మ వాసన నిమ్మదే, పులుపు మాత్రం తీపిలో మునిగిపోతుంది. ఈ మాయ అరగంట ఉంటుంది, ఒక్కోసారి గంట దాటుతుంది.

డల్సిఫికమ్ అన్న మాటలో ఉన్నవి రెండు లాటిన్ ముక్కలు. ఒకటి తీపి, రెండోది చేయడం. మొత్తం కలిపితే "తీపి చేసేది". పేరు పెట్టినవాడికి "తియ్యనిది" అనే మాట చేతికందే దూరంలోనే ఉంది. బాదం చెట్టుకు ప్రూనస్ డల్సిస్ అన్న పేరు అలా వచ్చిందే. ఈ పండు తియ్యన కాదని, తీపి చేస్తుందని తెలిసి పెట్టిన పేరిది. అంటే గినియా తీరపు జనం ఆ పండును ఎలా వాడుతున్నారో ఎవరో దగ్గరుండి చూశారన్నమాట.

చూసినవాడు పీటర్ తోనింగ్. గినియా తీరంలో, ఇప్పటి ఘనాలో, అప్పుడు డెన్మార్క్‌కు కోటలుండేవి. తోనింగ్ 1799 నుంచి 1803 దాకా అక్కడ మొక్కలు సేకరించాడు. 1807లో బ్రిటిష్ నౌకాదళం కోపెన్‌హేగెన్ మీద గుళ్ళవాన కురిపించినప్పుడు ఆయన దగ్గరున్న ఎండుమొక్కల్లో చాలా మటుకు తగలబడిపోయాయి. రాతప్రతి మిగిలింది. దాన్ని ఆధారం చేసుకుని షూమాకర్ అనే పండితుడు 1827లో గ్రంథం వెలువరించాడు. అందులో మన పొద పేరు బ్యుమీలియా డల్సిఫికా. 1844లో అల్ఫోన్స్ ద కండోల్ దాన్ని సైడెరాక్సిలాన్ ప్రజాతిలోకి మార్చాడు. ఆ గ్రీకు మాటకు ఇనుపకర్ర అని అర్థం. 1852లో డేనియెల్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు సిన్సెపాలం అనే సొంత ప్రజాతిని కట్టబెట్టాడు. ఇంటిపేరు రెండుసార్లు మారింది. పెట్టినపేరు మాత్రం వదల్లేదు, లింగం ఒక్కటే మారింది. బ్యుమీలియా స్త్రీలింగం కాబట్టి డల్సిఫికా, తక్కిన రెండూ నపుంసకం కాబట్టి డల్సిఫికమ్. ఆకుల తీరు, పూల తీరు చూసి పండితులు ప్రజాతుల గట్లు జరుపుకుంటూ పోయినా, తీపి చేయడమనే గుణాన్ని ఎవరూ కదపలేదు.

సిన్సెపాలం అంటే కలిసిపోయిన రక్షకపత్రాలు గలది అని. మన వృక్షశాస్త్ర పాఠాల్లో సంయుక్త రక్షకపత్రావళి అని బట్టీపట్టింది ఇదే. ఇక కుటుంబం పేరు వింటే చుట్టరికం కలుస్తుంది. ఇది సపోటా కుటుంబం. సపోటా అన్న మాట మెక్సికోలోని నహువా జనుల భాషలో పుట్టి, స్పానిష్ నోటిమీదుగా మన బండ్ల మీదికి చేరింది. కొమ్మ గిల్లితే పాలు కారడం ఈ వంశపు లక్షణం. పాలపండ్ల చెట్టు, పొగడ, ఇప్ప, అన్నీ ఇందులోవే. ఇప్పపువ్వు తీపి ఆదిలాబాద్, భద్రాచలం అడవుల వాళ్ళకు ఒకరు చెప్పాలా?

ఇంత పొదుపైన పేరుండగా లోకం దాన్ని మిరకిల్ ఫ్రూట్ అంది. 1725 ప్రాంతంలో ఆ తీరానికి వెళ్ళిన ద మార్షే అనే ఫ్రెంచి నావికుడు, జనం తిండికి ముందు ఈ పండు నమలడం గమనించాడు. 1852లో డేనియెల్ తన వ్యాసానికి శీర్షిక పెడుతూ "మహిమగల పండు" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట వాడాడు. అది అతుక్కుపోయింది. అదే తీరంలో దొరికే ఇంకో మొక్కకు ఆయన పేరే పెట్టారు, థామటోకాకస్ డేనియెల్లి అని. థామ అంటే గ్రీకులో అచ్చెరువు. ఒకదానికి లాటిన్ అద్భుతం, ఇంకోదానికి గ్రీకు అద్భుతం. రెండింటి నుంచీ ప్రోటీన్లు తీశారు: మిరాక్యులిన్, థామటిన్. థామటిన్ స్వయంగా తియ్యన, పంచదారకు వేల రెట్లు. మిరాక్యులిన్ తనంతట తాను తియ్యన కాదు, ఎదుటి పులుపును తీపిగా తోపిస్తుంది. వస్తువు తియ్యనవడానికీ నోరు తియ్యనవడానికీ ఉన్న ఈ తేడాను అద్భుతమనే మాట మింగేసింది. నా ఓటు డల్సిఫికమ్‌కే.

పండును రోజూ వాడుకునేవాళ్ళకు అద్భుతంతో పని లేదు. యొరుబా వాళ్ళు ఆగ్బాయున్ అంటారు, బెనిన్‌లోని ఫోన్ జనులు సిస్రే అంటారు, పెరట్లో పెంచుకుంటారు. ఘనాలో మొక్కజొన్న పిండిని పులియబెట్టి, పొత్తుల పైరేకుల్లోనో అరటి జాతి ఆకుల్లోనో చుట్టి ఉడికించే కెంకే అనే తిండి ఉంది. నిలవున్న కొద్దీ పుల్లబడుతుంది. తాటి జాతి చెట్ల కల్లు పొద్దెక్కే కొద్దీ పుల్లబడుతుంది. ఈ రెంటినీ మింగుడు పడేలా చేసుకోవడానికే అక్కడివాళ్ళు పండు నోట్లో వేసుకునేవారని డేనియెల్ రాశాడు. కల్లుగీత తెలిసిన మన ఊళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

పులియడం, పులుపు తెలుగులో ఒకే వేరు మీద మొలిచాయి. తెలుగులో పిండి పులవడమంటే పొంగడమూ పుల్లబడడమూ రెండూనూ. తమిళంలో ఆ వేరే చింతపండుకు పేరైంది. మనం చింతను వేరే మాటతో పిలుచుకుని, పులుసులోనూ పులిహోరలోనూ పాత మాటను దాచుకున్నాం. (పులిహోరలో పులి ఏదని అడిగే పిల్లలకు ఇదే జవాబు.) తీపికి కూడా ఇంట్లోనే చుట్టాలున్నారు. తమిళుల తిత్తిప్పు మన తియ్యనకు దగ్గరిది. వాళ్ళ ఇనిప్పుతో పుట్టిన మన ఇంపు నాలుకను వదిలి చెవికీ కంటికీ మారిపోయింది. కాళ్ళ తీపులు మాత్రం వేరే కొమ్మ. అవి తీయడం నుంచి, అంటే లాగడం నుంచి వచ్చిన నొప్పులు.

1968లో అమెరికాలో కురిహారా, బీడ్లర్ అనే ఇద్దరూ, నెదర్లాండ్స్‌లో ఇంకో బృందమూ విడివిడిగా ఈ పండులోని ప్రోటీన్‌ను వేరుచేశారు. అందులో 191 అమైనో ఆమ్లాలున్నాయని 1989లో తేలింది. అది ఎలా పనిచేస్తుందో 2011లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. నాలుక మీద తీపిని పట్టే గ్రాహకానికి మిరాక్యులిన్ అతుక్కుని కూర్చుంటుంది. నోరు మామూలుగా ఉన్నంతసేపు దాన్ని కదిలించదు, పైగా కొంచెం అడ్డం కూడా పడుతుంది. పులుపు తగిలిందంటే చాలు, అదే గ్రాహకాన్ని తట్టిలేపుతుంది. నిమ్మకాయలో ఏ మార్పూ లేదు, జరిగిందంతా నోట్లోనే. ఉగాది పచ్చడి తినే ముందు ఈ పండు చప్పరిస్తే చింతపండు తీపి వైపు ఫిరాయిస్తుంది. వేపపువ్వు చేదు, ఉప్పు, కారం తమ చోట తాముంటాయి. ఆ ఏటికి పంచాంగం ఎలా చెబుతారో మరి.

ఇందుకు ఎదురుపని చేసే ఆకు మన అడవుల్లోనే ఉంది, పొడపత్రి. దాన్ని నమిలి పంచదార వేసుకుంటే ఇసుక నమిలినట్టుంటుంది. హిందీవాళ్ళు గుడ్‌మార్ అన్నారు, బెల్లాన్ని చంపేది అని. సంస్కృతంలో మధునాశిని. ఇక్కడ నాకు మహా ఇష్టమైన చమత్కారం ఒకటుంది. చక్కెరకు మూలమైన సంస్కృత శర్కరకు మొదటి అర్థం గులకరాయి, గరుకు రేణువు. పొడపత్రి నమిలినవాడి నాలుక మీద ఆ మాట తన మొదటి అర్థానికి తిరిగి వెళ్ళిపోతుంది.

ఒకసారి మాట మీదే వ్యాపారం తలకిందులైంది. 1970 ప్రాంతాల్లో మిరాలిన్ అనే అమెరికన్ సంస్థ, మధుమేహం ఉన్నవాళ్ళకు పనికొస్తుందని ఈ పండుతో మాత్రలు, తినుబండారాలు చేసింది. ఇది ఆహారమా, ఆహారంలో కలిపే పదార్థమా అని ప్రశ్న వచ్చింది. 1974లో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ రెండోదే అంది. మిరాలిన్ మూతపడింది. ఎండబెట్టిన పండును కొత్త ఆహారంగా యూరోపియన్ యూనియన్ అనుమతించింది 2021లో.

ఇప్పుడిది మన నర్సరీల్లోనూ మిద్దెతోటల కుండీల్లోనూ కనిపిస్తోంది. కొన్నవాళ్ళలో చాలామందికి ఏడాది తిరక్కుండానే మొక్క పసుపెక్కుతుంది. కారణం మళ్ళీ పులుపే. ఆమ్లం అంటే సంస్కృతంలో పులుపు. ఇంగ్లీషు యాసిడ్‌కు మూలమైన లాటిన్ మాటకూ అదే అర్థం. ఈ పొదకు కావలసింది ఆమ్ల నేల, ఉదజని సూచిక 4.5 నుంచి 5.8 మధ్య. మన ఊళ్ళలో చాలాచోట్ల బోరు నీళ్ళు సున్నపు నీళ్ళు. బకెట్ అంచున తెల్లచారలు కట్టే నీళ్ళు పోస్తూ పోతే కుండీ మట్టి నెమ్మదిగా చౌడు వైపు జరుగుతుంది, వేళ్ళకు ఇనుము అందదు. దీన్ని లేత ఆకులో చదవొచ్చు. ఈనెలు పచ్చగా, ఈనెల నడుమ పసుపుగా, ఎండకు పట్టి చూస్తే వల గీసినట్టు. కొసలు మాడడం మొదలైతే ఉప్పు పేరుకుందని గుర్తు. అప్పుడు యూరియా వేస్తే పని చెడుతుంది. వాన నీళ్ళు పట్టుకుని పోయాలి, లేదా ఏసీ నుంచి కారే నీళ్ళు. ఆర్‌వో యంత్రం బయటికి వదిలేసే నీళ్ళు మాత్రం వద్దు; ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. కొబ్బరిపొట్టును కడిగి, ఉప్పు పోయాక, బాగా మాగిన ఆకుఎరువు, కొంత ఎర్రమట్టి కలిపితే కుండీకి సరిపోతుంది. ముగ్గుపిండీ బూడిదా దరికి రానివ్వకూడదు.

ఎండాకాలం మధ్యాహ్నపు ఎండ, వడగాలి దీనికి పడవు. తొలి ఏళ్ళలో షేడ్ నెట్ కింద ఉంచాలి. కొమ్మల చివర గుత్తులు కట్టే ఆకుల మొదళ్ళలో పిండినల్లి దూరుతుంది, అప్పుడప్పుడు వేలితో విప్పి చూడాలి. ఎదుగుదల నత్తనడక, కాపుకు మూడు నాలుగేళ్ళు, కొన్నిసార్లు అంతకు మించి. అడవిలో నాలుగైదు మీటర్లు పెరిగేది కుండీలో మనిషి ఎత్తుకు రావడమే గొప్ప. గింజతో పెంచాలంటే తాజా గింజే కావాలి. నున్నటి గోధుమరంగు, ఒక పక్కన వెలిసిన మచ్చ, చూస్తే సపోటా గింజ చెల్లెలే. వేపగింజ, ఇప్పగింజ లాగే ఇదీ ఎండితే చచ్చిపోతుంది. పొట్లంలో ఎండిపోయి వచ్చినదానికి డబ్బు పెట్టడం దండగ. పండు తిన్న రోజే గుజ్జు కడిగేసి నాటుకోవాలి.

పండు కాశాక, దాన్ని ఉడికించినా మరిగించినా గుణం పోతుంది, పచ్చిగానే చప్పరించాలి. చుట్టాలొచ్చారని నిమ్మకాయలు, ఉసిరికాయలు, చింతకాయలు పళ్ళెంలో పోసి పెట్టేవాళ్ళు ఒక సంగతి చూసుకోవాలి. నోటికి తీపి తగులుతుంటే చెయ్యి ఆగదు. నిమ్మరసంలోని ఆమ్లం ఇసుమంతైనా తగ్గదు. దాన్ని నాలుక పట్టుకోలేకపోవచ్చు. పళ్ళు మాత్రం పట్టుకుంటాయి, మర్నాడు ఇడ్లీ కొరకబోతే జివ్వుమంటాయి. పళ్ళు పులిశాయి అని తెలుగులో అనేది అప్పుడే.