సాసేజ్ తొడుగుల్లో సహజ సూక్ష్మజీవి నిరోధకాలు

సాసేజ్ మాంసానికి ఆకారమిచ్చే తొడుగును గొర్రె, పంది పేగులతోనో కొలాజెన్, సెల్యులోజ్‌లతోనో చేస్తారు. దానికి నైసిన్ వంటి సహజ నిరోధకాన్ని పట్టిస్తే లిస్టీరియా మోనోసైటోజెనిస్‌ను కొంత అదుపు చేయవచ్చు. సరిగా వండితే ఈ బ్యాక్టీరియా చస్తుంది. ముప్పు ఆ తర్వాతే. ఫ్రాంక్‌ఫర్టర్ అనే సాసేజ్ తొడుగును ఒలిచి ప్యాక్ చేసేటప్పుడు యంత్రాల నుంచి అది మళ్లీ పైభాగానికి అంటుకుంటుంది, 4 డిగ్రీల చలిలోనూ పెరుగుతుంది. దక్షిణాఫ్రికాలో 2017–18లో పోలనీ అనే సాసేజ్ ద్వారా వ్యాపించిన లిస్టీరియా జబ్బు (లిస్టీరియోసిస్) 200 మందికి పైగా ప్రాణాలు తీసింది. కలుషితమయ్యేది పైభాగమే కాబట్టి రక్షణా అక్కడే ఉండాలి. లాక్టోకాకస్ లాక్టిస్ తయారుచేసే నైసిన్, 34 అమైనో ఆమ్లాల పెప్టైడ్. తొడుగు లోపలి పూత నుంచి సాసేజ్ పైకి చేరి, లిస్టీరియా కణపొరకు రంధ్రాలు పొడుస్తుంది.

సహజమైనదల్లా సురక్షితమా అన్న సందేహం న్యాయమైనదే. అయితే నైసిన్‌కు 1969లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం ఆమోదం లభించింది పరీక్షల ఆధారంగానే. పైగా జీర్ణ ఎంజైములు దాన్ని విడగొట్టేస్తాయి. బలమైన అభ్యంతరం వేరు: కొవ్వు దాని శక్తిని తగ్గిస్తుంది, బయటి పొర అదనంగా ఉన్న సాల్మొనెల్లాపై ఒంటరిగా అంతగా పనిచేయదు, బతికి మిగిలిన లిస్టీరియా కొన్నాళ్లకు మళ్లీ పెరగవచ్చు. అందుకే మాంసంలో పొటాషియం లాక్టేట్, సోడియం డైఎసిటేట్ అనే నిరోధక లవణాలు కూడా కలిపితేనే ఫలితం ఎక్కువకాలం నిలుస్తుంది. నిరోధక తొడుగు కర్మాగార శుభ్రతకు బదులు కాదు, దానికి తోడు మాత్రమే.