వాడ ఇండ్ల చరిత్ర – 6: దక్షిణం గోడకు కిటికీ



పోయిన భాగంలో గడప గురించి మాట్లాడుకున్నాం. ఈసారి కిటికీ. లింగంపేటలోని మా ఇంటిని బాగు చేయిస్తున్నాం. పాతవి తీసేసి కొత్త కిటికీలు పెట్టాలి. ఎంతవి పెట్టాలి, ఏ గోడకు పెట్టాలి, దేనితో చేసినవి పెట్టాలి అని నెల రోజులుగా ఇంట్లో ఒకటే పంచాయితీ. వింటూ ఉంటే ఇందులో మేస్త్రీ లెక్క కంటే చరిత్రే ఎక్కువ ఉందనిపించింది. అందుకే ఈ భాగం.

తెలుగు పాఠం చెప్పుకునే మనిషిని కాబట్టి ముందు మాట దగ్గర మొదలుపెడతాను. గవాక్షం అంటే ఎద్దు కన్ను. వాతాయనం అంటే గాలి దారి. ఇంగ్లీషు 'విండో' పుట్టిన పాత నార్స్ మాటకు అర్థం గాలి కన్ను. మనం రోజూ వాడే కిటికీ ఉత్తరాది 'ఖిడ్కీ'కి చుట్టం. ఎక్కడి మాట చూసినా అందులో కన్నో గాలో ఉంది. చూడడం, ఊపిరి పీల్చుకోవడం: ఇల్లు మనిషికి ఇవ్వాల్సిన రెండు పనులవి. ప్రబంధాల నిండా మేడలుంటాయి, మేడలకు గవాక్షాలుంటాయి, వాటిలోంచి తొంగి చూసే స్త్రీలుంటారు. పీహెచ్‌డీ కోసం ఏళ్ల తరబడి చదివిన కావ్యాల్లో గవాక్షం ఉన్న గుడిసె నాకు ఒక్కటీ తగల్లేదు.

చరిత్ర పుస్తకాల్లోనూ తగలదు. రాయి నిలుస్తుంది, మట్టి కరుగుతుంది. మా ఊరి నాగన్న మెట్ల బావిని చూడడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. జిల్లాలోనే ఉన్న దోమకొండ గడీ ఫొటోలు ఎన్నైనా దొరుకుతాయి. ఆ రాళ్లు మోసిన చేతులు రాత్రి ఎలాంటి ఇంట్లో పడుకున్నాయో చెప్పే ఫొటో లేదు. కాబట్టి వాడ ఇంటి చరిత్రకు ముసలోళ్ల నోరే దస్తావేజు.

మా నాయినమ్మ చెప్పిన గుడిసె ఇది. మట్టి గోడలు, పైన గడ్డి కప్పు. ఒకటే దర్వాజ, అదీ తల వంచితే తప్ప లోపలికి పోలేనంత ఎత్తు. కిటికీ లేదు. చూరు కింద బెత్తెడు సందు, పొయ్యి పొగ పోవడానికి. ఆ పొగలోనే వంట, ఆ పొగలోనే బాలింతలు. "కిడికి ఎందుకు పెట్టుకోలేదే?" అని చిన్నప్పుడు అడిగితే ఆమె నవ్వింది. "కిడికి పెడ్తె దొర దిక్కు సూశినట్టైతది బిడ్డా" అన్నది. పైసలు లేక అనలేదు, చెక్క దొరక్క అనలేదు. చూడడమే తప్పు అన్నది.

ఆమె మాట ఒక్క ముసలమ్మ భయం కాదనడానికి అంబేద్కర్ సాక్ష్యం ఉంది. ఆయన మరణం తర్వాత మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన రచనల 5వ సంపుటి తీయండి. ఊరు అంటరానివాళ్ల మీద పెట్టిన కట్టుబాట్ల జాబితా ఒకటి అందులో ఉంది. శుభ్రమైన బట్ట కట్టడం, చెప్పులు, గడియారం, బంగారం, పెద్దవాళ్ల ముందు కుర్చీలో కూర్చోవడం ఊరి దృష్టిలో నేరాలు. ఆ వరసలోనే పెంకుటిల్లు కట్టుకోవడమూ నేరమే. అదే జాబితాలో ఇంకో మాట: అంటరానివాళ్ల ఇండ్లు ఊరికి దక్షిణాన ఉండాలి, ఎందుకంటే నాలుగు దిక్కుల్లో అది అశుభమైనది. ఈ దక్షిణాన్ని గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇంగ్లండులో 1696లో కిటికీల మీద పన్ను వేశారు. 1851 దాకా వసూలు చేశారు. కట్టలేనివాళ్లు కిటికీలకు ఇటుకలు పేర్చి మూసుకున్నారు. ఫ్రాన్సులో తలుపులు, కిటికీల పన్ను 1798 నుంచి 1926 దాకా నడిచింది. అక్కడ చట్టం ఉంది కాబట్టి కాగితం ఉంది, కాగితం ఉంది కాబట్టి రద్దు చేసిన తారీఖు కూడా ఉంది. మా గుడిసె గోడను మూసింది ఏ చట్టమూ కాదు. అందుకే దాన్ని రద్దు చేసిన తారీఖు కూడా లేదు. ఇటు జైపూర్‌లో 1799లో కట్టిన హవా మహల్‌కు 953 కిటికీలు. రాజు ఇంటి ఆడవాళ్లు ఎవరికీ కనబడకుండా బజారు చూడడానికి. పరదా కూడా చెరే, కాదనను. కానీ మా ఆడవాళ్లకు పరదా లేదు, కిటికీ లేదు. వాళ్లు వెట్టిలో, పొలంలో అందరికీ కనబడుతూనే ఉన్నారు. లోపల కూర్చుని బయటికి చూసే జాగానే వాళ్లకు లేదు.

గుడిసె పోయి సిమెంటు ఇల్లు వచ్చింది ప్రభుత్వ పథకాలతోనే. ఎస్సీ, ఎస్టీలకు, వెట్టి నుంచి విడుదలైన కూలీలకు ఇండ్లు కట్టించడానికి ఇందిరా ఆవాస్ యోజన మొదలైంది 1985లో. మా ఇల్లు కూడా అలాంటి ఒక పథకం ఇల్లే. తలెత్తి లోపలికి పోగలిగే మొదటి దర్వాజ మాకు అదే, ఆ విలువను తక్కువ చేయను. కానీ కిటికీ జాగాలో సిమెంటు జాలీ పెట్టి పోయారు. రెండడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు, నా తల కంటే పైన. రెక్కలు లేవు. వాన వస్తే జల్లు లోపలికి, ఎండాకాలం దుమ్ము లోపలికి. మంచం మీద నిలబడితే తప్ప బయట ఏముందో కనబడదు. ఆ జాలీ వెలుతురులో చదువుకుని నేను లెక్చరర్‌నయ్యాను.

ఇప్పుడు ఇంట్లో పంచాయితీకి వద్దాం. మూడు వాదనలున్నాయి.

మొదటిది వాస్తు. దక్షిణం గోడకు కిటికీ వద్దన్నాడు చూడవచ్చిన ఆయన. యముడి దిక్కట. మా ఇల్లు ఉత్తరం ముఖం, వెనక గోడ దక్షిణం. అది మూస్తే ఇక గాలి ఎక్కడిది? ఒక గోడ నుంచి వచ్చిన గాలి ఎదురు గోడ నుంచి పోతేనే ఇల్లు చల్లబడుతుంది. ఎండ లెక్క కూడా చూడండి. మే, జూన్‌లో మధ్యాహ్నం సూర్యుడు మనకు దాదాపు నడినెత్తిన ఉంటాడు. దక్షిణం కిటికీ మీద రెండడుగుల సజ్జ పోస్తే చాలు, నీడ. చలికాలం వంగిన ఎండ అదే కిటికీలోంచి లోపలికి వస్తుంది. నిజంగా కాల్చేది పడమటి కిటికీ, సాయంత్రపు ఎండను సజ్జ ఆపలేదు. అశుభమైన దిక్కని మనల్ని దక్షిణానికి తోసినవాళ్లే ఇప్పుడు ఆ దిక్కు గాలి మనకు అశుభం అంటున్నారు. జై భీమ్ అనే ఇండ్లలో కూడా దక్షిణం కిటికీలు మూతపడుతున్నాయి. ఆలోచించండి.

రెండోది తమ్ముడి వాదన: యూపీవీసీ, జరిపే అద్దాల కిటికీ. చెదలు పట్టదు, తుప్పు పట్టదు, రంగు వేసే పని లేదు. నిజమే. కానీ జరిపే కిటికీలో ఒక అద్దం ఇంకో అద్దం వెనక్కి పోతుంది, ఎంత తీసినా సగమే తెరుచుకుంటుంది. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ పొడి వేడి ప్రాంతాల్లో గాలి, వెలుతురు వచ్చే తెరపి గది నేలలో కనీసం పదో వంతు ఉండాలంటుంది. మా గది 10 అడుగులకు 12, అంటే 120 చదరపు అడుగులు. కనీసం 12 కావాలి, 4 అడుగులకు 3 అడుగుల కిటికీ. అది జరిపేదైతే గాలికి మిగిలేది 6. మా పాత జాలీ మొత్తం కలిపినా 3, అందులో సగం సిమెంటే. ఈ ఒక్క లెక్క చాలు, పథకం ఇల్లు మనల్ని ఎంత మనుషులుగా లెక్కపెట్టిందో తెలియడానికి.

మూడోది అమ్మ వాదన. అన్నిటికంటే బరువైనది. "బజారు దిక్కు గంత పెద్ద కిడికి వద్దు బిడ్డా. పోయెటోళ్లందరు ఇంట్లకే సూస్తరు."

"మనం బజారు సూడొద్దా అమ్మా?" అన్నాను.

"మనం సూశి ఏం జేస్తం?" అన్నది.

నాయినమ్మ మాటకూ ఈ మాటకూ మధ్య రెండు తరాలున్నాయి, ఒక రాజ్యాంగం ఉంది. అయినా గోడ అక్కడే ఉంది. అయితే అమ్మ భయాన్ని వెనకబాటుతనం అని కొట్టిపారేసే హక్కు నాకు లేదు. ఇంట్లో పగలంతా ఉండేది ఆమె. మన ఆడవాళ్లను బజారు ఎలా చూసిందో తెలిసింది ఆమెకు. జవాబు పాత ఇండ్లలోనే దొరికింది: నాలుగు రెక్కల కిటికీ. కింది రెండు రెక్కలు మూసుకుంటే బయటివాళ్లకు లోపల కనబడదు, పై రెండు తెరిస్తే గాలి, వెలుతురు. ఎప్పుడు ఏది తెరవాలో గొళ్లెం అమ్మ చేతిలో ఉంటుంది. అమ్మ ఒప్పుకుంది.

గుర్రం జాషువా 'గబ్బిలం' 1941లో వచ్చింది. గుడిలోకి గబ్బిలం పోగలదు, మనిషి పోలేడు, అందుకే తన గోడు శివుడికి చెప్పమని దాన్ని పంపుతాడు ఆ మనిషి. తెరపి ఉండడం, దాంట్లోంచి పోయే హక్కు ఉండడం రెండూ వేరు వేరని ఆ కావ్యం చదివిన ప్రతిసారీ తోస్తుంది. 1930ల మొదట్లో అంబేద్కర్ ముంబై దాదర్‌లో రాజగృహ కట్టించుకున్నాడు. మనుషులకు ఎంత జాగా ఇచ్చాడో పుస్తకాలకూ అంత జాగా ఇచ్చిన ఇల్లు. 2020 జులై 7న ఆ ఇంటి మీద దాడి చేసినవాళ్లు కిటికీ అద్దాలు, పూల కుండీలు పగలగొట్టారు. దళితుడి ఇంటి అద్దం ఇప్పటికీ ఎవరి కంట్లోనో గుచ్చుకుంటుంది.

మా నిర్ణయం ఇది. బజారు వైపు గ్రానైట్ చౌకటు, నాలుగు టేకు రెక్కలు, ఇనుప సలాకలు. దక్షిణం వైపు తలుపులా పూర్తిగా తెరుచుకునే యూపీవీసీ, దోమల జాలీతో, పైన సజ్జతో. రెండూ 4 అడుగులకు 3. కూర్చున్న మనిషి కంటికి అందే ఎత్తులో.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ ఇంట్లో, మీ హాస్టల్ గదిలో టేపు పెట్టి కొలవండి. నేల ఎంత, తెరుచుకునే కిటికీ ఎంత. పదో వంతు రాకపోతే ఆ లెక్క కాగితం మీద రాసి వార్డెన్‌కు ఇవ్వండి, నకలు దగ్గర పెట్టుకోండి. మీ నాయినమ్మ, అమ్మమ్మ బతికి ఉంటే వాళ్ల గుడిసెకు కిటికీ ఉండేదా, లేకపోతే ఎందుకు లేదో అడిగి వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఆ రాతలు పోగైతే అదే మన వాడల చరిత్ర.

వచ్చే భాగంలో వంటగది, పొగ గురించి.

జై భీమ్.